మామ్మ పాటా, దొరసాని పాటా



మాది కపిలేశ్వరపురం, గోదావరి గట్టునున్న ఊరు. 1973లో అక్కడ హరికథా పాఠశాల పెట్టి ఆడపిల్లల చేతికి చిడతలిచ్చారు. చిడతలు లేకుండానే కథ చెప్పగల మనిషి మా మామ్మ. మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుకుంటూ గురజాడవారి ‘పూర్ణమ్మ’ పాడుకునేది. కాలేజీలో విక్టోరియా రాణి కాలంనాటి కవిత్వం చదువుతుంటే నాకు ఆ గొంతే వినిపించేది.

రాణిగారు 1837 నుంచి 1901 దాకా ఏలింది. దేశం నిండా మిల్లులు, బొగ్గు గనులు. వాటిలో పసిపిల్లలు పనిచేసేవారు. వాళ్ళ స్థితిగతుల మీద ప్రభుత్వం వేసిన విచారణ నివేదిక ఎలిజబెత్ బారెట్ చదివింది. పాపం, రోగిష్టి మనిషి, గది దాటి వచ్చేది కాదు. 1843లో ఆ పిల్లల ఏడుపే కవితగా రాసింది. అదే ఏడు థామస్ హుడ్ చొక్కాలు కుట్టి కడుపు నింపుకునే పేదరాలి మీద రాశాడు.

అయితే ఎవరో మిల్లు యజమానిని తిట్టడం ఒక ఎత్తు, మనింటి ఇనప్పెట్టెను ప్రశ్నించడం ఒక ఎత్తు. ఆవిడ పుట్టింటి ఐశ్వర్యం జమైకా చెరకుతోటల్లో బానిసల చెమట. అది తెలిసే, పారిపోయిన బానిస స్త్రీ నోట ఇంకో కవిత చెప్పించింది. అప్పటికే, 1846లో, రాబర్ట్ బ్రౌనింగ్‌ను రహస్యంగా పెళ్ళాడి ఇటలీ వెళ్ళిపోయింది. తండ్రి మళ్ళీ ఆమె మొహం చూడలేదు.

మన గురజాడవారు కూడా మొదట ఇంగ్లీషులోనే పద్యాలు రాశారు. 1883లో ‘సారంగధర’ చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, మీ భాషలో రాయండని సలహా ఇచ్చారు. మంచిమాట చెప్పారు కదూ! 1897లో ‘కన్యాశుల్కం’ పీఠికలో గురజాడవారు ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో 1,034 శుల్కపు పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36. ఏడాది పిల్లలు ముగ్గురు! ఉయ్యాల్లో పిల్లకు తాళి.

ఆ లెక్కకు ప్రాణం పోస్తే పూర్ణమ్మ. డబ్బుకాశపడి తండ్రి ముసలివాడికి ముడిపెట్టాడు. అలాగని కవి అతన్ని రాక్షసుణ్ణి చెయ్యలేదు. పూజారి, పిల్లలున్న మామూలు తండ్రి. అందుకే మరీ భయం వేస్తుంది. శుల్కం పోయింది, కట్నం వచ్చింది. 1961లో చట్టం చేశారు కూడా. బేరం మాత్రం ఇంట్లోవాళ్ళే ఆడతారు, మనం కాఫీలందిస్తూ వింటాం.

చెరువుకు వెళ్ళేముందు పూర్ణమ్మ తోడబుట్టినవాళ్ళను ఒక కోరిక కోరుతుంది: మీకు పుట్టే ఆడపిల్లల్లో ఒకతెకు నా పేరు పెట్టమని. అక్కడికొచ్చేసరికి మామ్మ చేట పక్కన పెట్టేసేది. అయినా మా ఇంట్లో ఆ పేరు పెడదామంటే ఆవిడే పడనిచ్చేది కాదు, అపశకునమని.

మామ్మ పోయాక మా చెల్లెలు తన రెండో పిల్లకు పెట్టింది.