పేరున్న మిడత, పేరులేని పొడి: జపాన్‌లో కీటకాహార స్వీకృతి

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో తినదగిన కీటకాలపై నివేదిక వెలువరించింది. ఆ తరువాతి చర్చ ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది: కీటకాలంటే వినియోగదారునికి కలిగే ఏవగింపును తొలగించటం ఎట్లా? ఈ ప్రశ్న వెనుక ఒక ఊహ ఉన్నది. లోకంలో కీటకాలను తినే సమాజాలు, తినని సమాజాలు అని రెండు వర్గాలున్నాయనీ, మొదటి వర్గంలో కొత్త కీటకాహారం సులభంగా చెల్లుబాటవుతుందనీ ఆ ఊహ. జపాన్ అనుభవం దీనిని బలపరచదు. తరతరాలుగా మిడతలను ఇష్టంగా తిన్న ఆ దేశంలోనే 2023లో కీచురాయి పొడిపై తీవ్రమైన నిరసన చెలరేగింది.

జపాన్ వారు తిన్న మిడతకు ‘ఇనాగో’ అని పేరు. ఈ పదాన్ని ‘వరిబిడ్డ’ అనే అర్థమిచ్చే అక్షరాలతో రాయటం కద్దు. వరి పండే కాలంలో, మంచుకు రెక్కలు తడిసి ఎగరలేని తెల్లవారుజామున, వాటిని పట్టి గుడ్డసంచిలో వేసేవారు. కడుపులోని మలినం పోయేందుకు ఒక రాత్రి అట్లాగే ఉంచి, మరునాడు ఉడికించి, గరుకైన కాళ్లు తుంచి, సోయారసం, చక్కెరలతో నీరు ఇగిరేదాకా మరిగించేవారు. ట్సుకుదాని అనే ఈ వంటకం నిల్వ ఉంటుంది. అన్నంలోకి నంజుకుంటారు. ఇది పల్లెలకే పరిమితమైన తిండి కాదు. 19వ శతాబ్ది మధ్యకాలపు నగర జీవితాన్ని నమోదుచేసిన ‘మొరిసాద మంకో’లో ఎదో వీధుల్లో కాల్చిన మిడతలు అమ్మేవారి ప్రస్తావన ఉన్నది.

సముద్రతీరం లేని నాగానో పర్వత ప్రాంతంలో ఈ ఆహారానికి వైవిధ్యం ఎక్కువ. తెన్ర్యూ నదిలో రాళ్ల కింద బతికే డింభకాలను చలికాలంలో పడతారు. వాటి పేరు ‘జాజాముషి’. నీరు రాళ్లపై పారే ‘జాజా’ చప్పుడే ఆ పేరులో వినిపిస్తుంది. వాటిని పట్టటానికి మత్స్యకార సంఘం అనుమతి కావాలి. పట్టుపరిశ్రమ వర్ధిల్లిన చోట్ల దారం తీయగా మిగిలిన ప్యూపాలు వంటింటికి చేరాయి. నేలలో గూడు కట్టే కందిరీగలను వెదకే పద్ధతి మరీ విశేషమైనది. ఎర ముక్కకు తెల్లని పోగు కట్టి కందిరీగకు అందిస్తారు. అది ఎరతో ఎగిరిపోతుంటే ఆ తెలుపును చూపుతో పట్టుకొని కొండల వెంట గూటిదాకా పరుగెత్తుతారు. ఇంత శ్రమతో దొరికే కందిరీగ పిల్లలు మాంసం కంటె ఖరీదైనవి. వీటిని పేదరికపు తిండిగా మాత్రమే వర్ణించే రచనలు ఈ సంగతిని పట్టించుకోవు.

1919లో కీటకశాస్త్రవేత్త మియాకే త్సునెకాతా దేశవ్యాప్త పరిశీలన ఆధారంగా 55 రకాల తినదగిన కీటకాలను నమోదు చేశాడు. ఆ ముందు సంవత్సరమే బియ్యం ధరలపై దేశమంతటా అల్లర్లు జరిగాయి. ఆయన కృషి విలువైనది. అయితే అందులో ఒక మార్పు కూడా ఇమిడి ఉన్నది. వరిపొలంలో మిడత, నదిలో డింభకం, కొండలో కందిరీగ ఎవరి దృష్టిలో వారికి వేరువేరు పదార్థాలు. వాటన్నిటినీ ‘కీటకం’ అనే ఒక్క శీర్షిక కిందికి తెచ్చినది శాస్త్రదృష్టి. మిడత తిన్నవాడు తాను కీటకాహారినని అనుకోనక్కరలేదు.

ఈ భేదం తెలుగువారికి కొత్త కాదు. తొలకరికి పుట్టల నుండి వెలువడే ఉసుళ్లను పట్టి, చేటతో రెక్కలు చెరిగి, వేయించి తినే అలవాటు మన పల్లెల్లో ఉన్నది. తిన్నవారు ఉసుళ్లు తిన్నామంటారే గాని పురుగులు తిన్నామనరు. అదే ఇంట అన్నంలో పురుగు కనబడితే కంచం పక్కకు పోతుంది. ఉసుళ్లు పేరుతో, ఋతువుతో, రుచితో గుర్తింపు పొందిన ఆహారం. పురుగు ఆహారాన్ని చెరిచేది. ఒకదానిపై ఇష్టం రెండవదానికి బదిలీ కాదు.

1950ల నుండి పొలాల్లో క్రిమిసంహారకాల వాడకం పెరగటంతో జపాన్‌లో మిడతలు తగ్గాయి. మాంసం, పాలు అందుబాటులోకి వచ్చాయి. పాత ఆహారం కొన్ని ప్రాంతాల ప్రత్యేక వంటకంగా మిగిలింది. అది పోయింది ఏవగింపు వల్ల కాదని గమనించాలి.

కొత్త ఆహారం మరొక దారిన వచ్చింది. తోకుషిమా విశ్వవిద్యాలయపు కీచురాయి పరిశోధన నుండి 2019లో గ్రిల్లస్ సంస్థ పుట్టింది. 2020 మే నెలలో ముజీ సంస్థ కీచురాయి పొడి కలిపిన అప్పచ్చులను విపణిలోకి తెచ్చింది. పర్యావరణానికి మేలైన మాంసకృత్తి అన్నది ప్రచారం. రూపం కనబడకపోతే ఏవగింపు ఉండదన్నది ఆ పొడి వెనుక తర్కం. 2022 నవంబరులో తోకుషిమాలోని ఒక ఉన్నత పాఠశాల భోజనంలో ఈ పొడిని వాడారు. ఇష్టపడిన విద్యార్థులకే వడ్డించినా, మరుసటి ఏడాది ఆరంభంలో సామాజిక మాధ్యమాల్లో ఆగ్రహం రేగింది, ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పిల్లలకు బలవంతంగా తినిపిస్తున్నారన్న వదంతి, గర్భిణులకు హాని అన్న ప్రచారం వ్యాపించాయి. రొయ్యలు, పీతలు సరిపడనివారికి కీచురాయి కూడా సరిపడకపోవచ్చుననే నిజం ఆ వదంతుల నడుమ సరైన చోటు పొందలేదు. 2024 నవంబరులో గ్రిల్లస్ దివాలాకు దరఖాస్తు చేసుకున్నది.

ఈ నిరసనను అజ్ఞానంగా కొట్టిపారవేయటం తొందరపాటు. ఏవగింపును తగ్గించటానికి ఎంచుకున్న పొడి రూపమే అనుమానానికి తావిచ్చింది. కనబడనిది దేనిలోనైనా కలవగలదు. తినేవాని ఎరుక లేకుండా కలవగలదు. ఇనాగో విషయంలో అట్టి భయానికి చోటే లేదు. నాగానో అంగళ్లలో అది నేటికీ కళ్లతో, మీసాలతో, మిడత ఆకారంలోనే అమ్ముడవుతున్నది.