చేరింగ్ క్రాస్‌లో డ్రిప్ ఎక్కిన రోజు

1992. లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రి. మంచం మీద రోగి చేతికి డ్రిప్ పెట్టారు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఏళ్ల తరబడి పీడిస్తోంది. పొద్దున లేస్తే వేళ్లు ముడవలేక, చొక్కా బొత్తాలకూ మరొకరి సాయం కావలసిన స్థితి. ఉన్న మందులన్నీ వాడి చూడటం అయిపోయింది. ఇప్పుడు చుక్కచుక్కగా దిగుతున్న మందును ఈ జబ్బుకి అంతకుముందు ఎవరికీ ఎక్కించలేదు. దాని పేరు సీఏ2.

దీని వెనక ఇద్దరున్నారు. లూధియానాలో పుట్టి ఉగాండాలో పెరిగిన వైద్యుడు రవీందర్ మైనీ. ఆస్ట్రేలియాలో చదువుకున్న ఇమ్యునాలజిస్టు మార్క్ ఫెల్డ్‌మన్. వాచిన కీలులో వాపును రగిలించే సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు ఎన్నో ఉంటాయి, ఒక్కదాన్ని ఆపితే మిగతావి ఊరుకుంటాయా అని చాలామంది నిపుణులు కొట్టిపారేశారు. జవాబు వాళ్ల బృందంలోని ఫియోనులా బ్రెనన్ ప్రయోగంలో దొరికింది. ఆపరేషన్‌లో తీసిన కీళ్లపొర కణాలను గాజుపాత్రలో పెంచి, అందులో టీఎన్ఎఫ్ అనే సైటోకైన్‌ను అడ్డుకుంటే, ఇంకో ముఖ్యమైన సైటోకైన్ ఐఎల్-1 కూడా తగ్గిపోయింది. ఎగువ తూము మూస్తే దిగువ కాలువలు ఎండినట్టు. 1989లో ఆ ఫలితం అచ్చయింది. సీఏ2 అడ్డుకునేది ఈ టీఎన్ఎఫ్‌నే. ఆ ప్రయోగం లేకపోతే చేరింగ్ క్రాస్‌లో ఆ డ్రిప్ లేదు.

కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గింది, వాపు దిగింది, రక్తంలో వాపుకు గుర్తైన సీఆర్‌పీ పడిపోయింది. కొన్ని వారాలకు మందు ప్రభావం పోయి జబ్బు తిరిగొచ్చింది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ తగ్గింది! ఈ రెండో తగ్గుదలే నాకు ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది. మొదటిది కాకతాళీయం అనుకోవచ్చు, రెండోసారి అలా అనలేం. 1994లో 73 మందిపై ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన పరీక్ష ఈ మాటను ఖాయం చేసింది. ఈ మందే తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్.

అయితే టీఎన్ఎఫ్ కీలులోనే ఆగేది కాదు, రక్తంలో కలుస్తుంది. రక్తనాళాల లోపలి పలుచని పొర ఎండోథీలియం. నాళాన్ని సడలించి ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసేది అదే. వాపు రగులుతున్నంతకాలం తెల్లరక్తకణాలు, నాళాల గోడలు కూడా సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని వదులుతాయి. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టుకుని పెరాక్సీనైట్రైట్‌గా మారుస్తుంది. నాళం బిగుసుకుంటుంది. ఎల్‌డీఎల్ కొవ్వు ఆక్సీకరణం చెందుతుంది, దాన్ని మింగిన కణాలు గోడలో పేరుకుంటాయి. రోగి మోకాలి గురించే బాధపడుతుంటాడు, గుండె ధమని మాత్రం చడీచప్పుడు లేకుండా పూడుకుంటుంది.

ఇక్కడో చిక్కుంది. జబ్బు రగులుతున్నప్పుడు కొలెస్ట్రాల్ తక్కువగా కనబడొచ్చు. ‘నార్మల్’ అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఇంటికెళ్లే రోగిని తలచుకుంటే నాకు గుబులు. మామూలు లెక్కతో వచ్చిన గుండెజబ్బు ముప్పును 1.5తో హెచ్చించాలని యూరప్ రుమటాలజిస్టుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. కీళ్ల డాక్టరు గదిలో బీపీ మిషన్ ఎందుకుండాలో, సిగరెట్ మానమని ఎందుకు గట్టిగా చెప్పాలో ఆ అంకెలోనే ఉంది.

2002లో జ్యూరిక్ పరిశోధకులు 11 మంది రోగులకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించే ముందు, తర్వాత చేతి ధమనిని అల్ట్రాసౌండ్‌లో కొలిచారు. రక్తప్రవాహం పెరిగినప్పుడు ధమని విప్పారడం మందు తర్వాత మెరుగైంది. చిన్న అధ్యయనమే. కానీ కీలు కోసం ఇచ్చిన మందుతో నాళం కూడా కుదుటపడుతుందన్న ఆశకు ఆధారం దొరికింది. మన దగ్గర ఈ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పదు. టీఎన్ఎఫ్‌ను ఆపితే ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న క్షయ లేచే ప్రమాదం ఉంది మరి.