దక్కను ఇస్లామీయ వాస్తుయాత్ర: ఐతిహ్యము, శాసనము

దక్షిణాపథమునందలి ఇస్లామీయ కట్టడములను జూడగోరువారు నేడు ఇరువది ముప్పదిమంది యొక సంఘముగా గూడి, యొక మార్గదర్శి వెంట గుల్బర్గా, బీదరు, బిజాపురము, గోలకొండలను వారము పదిదినములలో జుట్టివచ్చుట వాడుకయైనది. ఇట్టి యాత్ర యీ దేశమునకు బొత్తిగా క్రొత్త గాదు. 17వ శతాబ్దిలో తవెర్నియే, తెవెనో యను పరాసు యాత్రికులు గోలకొండను జూచి తాము కన్నవియు విన్నవియు వ్రాసియుంచిరి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశికి బోవుచు పరివారముతో హైదరాబాదున విడిసి, యచ్చటి సంగతులను తన యాత్రాచరిత్రమున జేర్చెను. వారికిని ఊరివారు కథలు చెప్పియేయుందురు. అయితే చూచినదానిని విన్నదానిని వేఱుపఱచుట అప్పటికంటె నిప్పుడు సులభము. 1914లో హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ యేర్పడి గులాం యజ్దానీ దానికి అధిపతియైనది మొదలు, ఈ కట్టడములపైనున్న పారసీక, అరబ్బీ శాసనములు పెక్కు చదువబడి ప్రకటింపబడినవి. బిజాపురపు కట్టడములపై హెన్రీ కజిన్సు గ్రంథము 1916లోను, బీదరుపై యజ్దానీ గ్రంథము 1947లోను వెలువడినవి. అయినను మార్గదర్శులు కథలను విడువలేదు. యాత్రికులును వానినే యడుగుట మానలేదు.

పౌరాణికులు ఐతిహ్యమును గూడ నొక ప్రమాణముగా నంగీకరింతురు. ఫలాని మఱ్ఱిచెట్టున యక్షుడు గలడని పెద్దలు చెప్పుకొనుచు వచ్చుట దానికి శాస్త్రకారులిచ్చు నుదాహరణము. మొదట చెప్పినవాడెవడో తెలియదు; చెప్పుకొనుట మాత్రము గలదు. మార్గదర్శి మాటలలో ననేకము లీ మఱ్ఱిచెట్టు యక్షునివంటివి. వాని నన్నిటిని త్రోసివేయుటయు దప్పే, అన్నిటిని నమ్ముటయు దప్పే. ఏ కట్టడమునకు సంబంధించిన మాట నా కట్టడము నొద్దనే పరీక్షింపవలయును.

అట్లు పరీక్షింప దలచినవారికి యాత్రాక్రమము ముఖ్యము. సంఘములు సామాన్యముగా హైదరాబాదున దిగి చార్మినారుతో బ్రారంభించును. అది గ్రంథమును కడపటి యాశ్వాసమునుండి చదువుటవంటిది. దూరము కొంత పెరిగినను గుల్బర్గాతో దొడగి, బీదరు మీదుగా బిజాపురమునకు బోయి, తుదకు గోలకొండకు వచ్చుట మేలు. 1347లో బహమనీ రాజ్యమును స్థాపించిన అలాఉద్దీను హసను గుల్బర్గాను రాజధానిగా జేసికొనెను. 15వ శతాబ్ది పూర్వార్ధమున అహమ్మదుషా రాజధానిని బీదరునకు మార్చెను. ఆ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట దాని శకలములనుండియే బిజాపురపు ఆదిల్షాహీలును, గోలకొండ కుతుబ్షాహీలును లేచిరి. కాపయనాయకుడు 1363 ప్రాంతమున గోలకొండను గుల్బర్గా సుల్తానున కిచ్చివేసినవాడు గనుక, గుల్బర్గా కోటలో నిలిచిన ఆంధ్రయాత్రికునకు తన దేశచరిత్ర యచ్చటనే మొదలైనట్లు తోచును.

గుల్బర్గా (2014 మొదలు కలబురగి) కోటలోని జామీమసీదునొద్ద మార్గదర్శులు మొట్టమొదట చెప్పుమాట, ఇది స్పెయిను దేశములోని కార్డోవా మసీదునకు ప్రతిబింబమని. ఈ మాట కొన్ని పుస్తకములలోనికి గూడ నెక్కినది. రెంటికిని గల సామ్యమెంత? కార్డోవా మసీదునకు విశాలమైన ముంగిలి గలదు; దాని కప్పు కొయ్యతో గట్టినది; స్తంభములపై నొకదానిమీద నొకటిగా రెండు వరుసల కమానులు గలవు. గుల్బర్గా మసీదున ముంగిలియే లేదు. 216 అడుగుల పొడవును, 176 అడుగుల వెడల్పును గల స్థలమంతయు గుమ్మటములతో గప్పబడినది. నడుమ 63 చిన్న గుమ్మటములు, నాలుగు మూలల నాలుగు, మక్కాదిక్కును జూపు మిహ్రాబునకు ముందు ఎత్తైన యాధారముపై నొక పెద్ద గుమ్మటము, వెరసి 68. వెలుపలి వసారాల కమానులు పొట్టి కాళ్లపై నిలిచి మిక్కిలి విశాలముగా వంగియుండును. చిక్కని నీడ, స్తంభముల వరుస, ఇంతమాత్రమే యుభయత్ర సమానము. ఈ మాత్రపు సామ్యమునకై యాత్రికుని సముద్రములు దాటింప బనిలేదు. మసీదునందలి శాసనము కజ్వీనువాసియగు షంసు కుమారుడు రఫీ యను వాస్తుకారుని పేరును, 1367కు సరియగు హిజ్రీ సంవత్సరమును దెలుపుచున్నది. కజ్వీను పారసీకదేశములోని పట్టణము. అయితే శాసనమును గూడ గ్రుడ్డిగా నమ్మరాదు. ఇది వేఱొక కట్టడమునుండి తెచ్చి యిచ్చట నిలిపినదై యుండవచ్చునని, మసీదు 15వ శతాబ్ది యారంభమునాటిదని ఇటీవలి పరిశోధకులు కొందఱు తలచుచున్నారు. తామ్రశాసనములలో కూటశాసనములను, గోడలలో స్థానము తప్పిన శిలలను ఎఱిగిన పండితులకు ఈ సందియము వింతగా దోపదు.

బీదరునొద్ద న్యాయము తలక్రిందగును. కోటకు వెలుపల అష్టూరు గ్రామమున 1436లో మరణించిన అహమ్మదుషా సమాధిమందిరము గలదు. లోపలి గోడలును గుమ్మటమును రంగుల లతలతోను, బంగారుపూత యక్షరములతోను నిండియున్నవి. ఆ యక్షరములు కెర్మాను దేశపు సూఫీగురువగు షా నియమతుల్లా సంప్రదాయమును బేర్కొనును. అక్షరములంతమాత్రమే చెప్పును. కాని యేటేట జరుగు ఉత్సవమున కీ రాజు వలీయనియు, లింగాయతులకు అల్లమప్రభువనియు పూజలందుచున్నాడని చెప్పవలసినవాడు మార్గదర్శియే. ఆ యుత్సవము ఏటేట వెనుకకు జరుగు హిజ్రీమాసములనుబట్టి గాక హిందూ పంచాంగమునుబట్టి హోళీ గడచిన పిమ్మట వచ్చును. గుల్బర్గా ప్రాంతమునుండి జంగమొకడు శంఖధ్వనితో వచ్చి పాల్గొనును. ఏ శాసనమును దీనిని చెప్పదు. ఐతిహ్యము ఆచారమునకు సాక్షియైనప్పుడు దానిని మించిన సాక్షి లేదు. అది సంవత్సరములను జెప్పబూనినప్పుడే చిక్కు.

బీదరు నడిబొడ్డున మహమూదు గవాను 1472లో గట్టించిన మదరసా సగము కూలియున్నది. మూడంతస్తుల యీ విద్యాలయపు ముఖభాగము రంగురంగుల మెఱుగుపెంకులతో నలంకృతమై యుండెను. నేడు వాని శేషమును, ఒక మీనారును మిగిలినవి. 1696లో లోపల నిలువచేసిన తుపాకిమందు ప్రేలి తక్కినది నశించెను. గీలాను దేశమునుండి వచ్చి మంత్రియైన గవాను, శత్రువులు ఒరియా గజపతికి వ్రాసినట్లు పుట్టించిన కూటలేఖ కారణముగా 1481లో వధింపబడెను. ఆ వధ జరిగినది కృష్ణాతీరమందలి కొండపల్లిలో. కొండపల్లి బొమ్మలను గొనివచ్చువారిలో ఈ సంగతి నెఱిగినవారు తక్కువ.

బిజాపురమున (నేటి విజయపురము) గోల్‌గుంబజు నొద్ద సంఘమునకు గంటకు దక్కువ పట్టదు. అందఱును మెట్లెక్కి పైనున్న వలయాకారపు వసారాలో గుసగుసలాడి, యెదుటి గోడనుండి వచ్చు ప్రతిధ్వనికి ముగ్ధులగుదురు. ప్రపంచమున నిది రెండవ గుమ్మటమని మార్గదర్శి చెప్పును. లోపలి వ్యాసమును బట్టి చూచిన నిది నిలువదు: రోములోని ప్రాచీన పాంథియానునకు 43 మీటర్లు, సెయింటు పీటరు దేవాలయమునకు సుమారు 41 మీటర్లు, దీనికి 38 మీటర్లు. దీని గొప్పతనము వేఱుచోట గలదు. గుమ్మటము క్రింది చదరపు గది ప్రతి ప్రక్క నలువది మీటర్లకు మించి, స్తంభమొక్కటియు లేక, సుమారు 1,700 చదరపు మీటర్ల స్థలము నాక్రమించినది. పాంథియాను లోపలి స్థలము 1,500కు లోపే. చతురస్రముపై వృత్తము నిలుచుటెట్లు? ఎనిమిది కమానులు ఒకదానినొకటి ఖండించుకొనుచు లోపలికి వ్రాలి, యెనిమిది మొనల నక్షత్రముగా నేర్పడి, గుమ్మటము మోపు చోటును కుదించును. గుమ్మటపు బరువు వెలుపలికి ద్రోయుచుండ, లోపలికి వ్రాలిన యీ రాతికట్టు బరువు దానిని వెనుకకు లాగి సమమొనర్చును. క్షేత్రగణితము నేర్పు నుపాధ్యాయుడు గుసగుసలను శిష్యులకు వదలి, తాను క్రిందనే నిలిచి దీనిని జూచుట మంచిది.

ఆ యూరి కోటలోనే కరీముద్దీను మసీదను చిన్న కట్టడ మొకటి గలదు. దేవాలయముల స్తంభములతో 1320లో గట్టినది. గుల్బర్గా రాజ్యము పుట్టుటకు ముందటిది. దానిపైనున్న నాగరలిపి శాసనము సాలౌటిగి గ్రామపు శిల్పి రేవయ్య పేరును దెలుపును. రాజుల పేళ్లు వేలకొలది మిగిలిన యీ దేశమున పనివాని పేరు మిగులుట యరుదు. సంఘములు దీనికి పావుగంటయైన నీయవు.

ఇక హైదరాబాదు. మూసీనదిపై పురానాపూలు నొద్ద చెప్పు కథ తెలియనివారు లేరు. యువరాజగు మహమ్మదుకులీ భాగమతియను నాట్యకత్తె కొఱకు వఱదలో గుఱ్ఱమును దింపగా, తండ్రి ఇబ్రహీము భయపడి యీ వంతెన గట్టించెనట. వంతెన 1578 నాటిది. మహమ్మదుకులీ 1580లో రాజ్యమునకు వచ్చునాటికి పదునాలుగేండ్లవాడు. వంతెన కట్టునాటికి పండ్రెండు పదుమూడేండ్ల బాలుడు. ఫెరిష్తా గ్రంథమున భాగమతి పేరు గలదు గనుక ఆమె బొత్తిగా కల్పితయని కొట్టివేయుట కష్టము. హరూన్ ఖాన్ షేర్వానీ మాత్రము ఆమె యునికినే శంకించెను. ఎట్లైనను వంతెన కథ పంచాంగమునకు లొంగదు. చార్మినారు సంగతి యిందుకు భిన్నము. నగరనిర్మాణవర్షము 'యా హాఫిజు' అను రెండు మాటలలో నిమిడియున్నదని చరిత్రకారులందురు. మన కటపయాది సంఖ్యవలెనే అరబ్బీలో నక్షరములకు సంఖ్యలు గలవు. మొదటి మాటలో యే 10, అలిఫు 1; రెండవదానిలో హే 8, అలిఫు 1, ఫే 80, జోయ్ 900. కూడిన సరిగా 1000. హిజ్రీ 1000 క్రీస్తుశకము 1591లో నారంభమైనది. ఈ లెక్కను కాగితముపై వేసి చూపు మార్గదర్శికి శ్రోతలు కథకు వినినంత శ్రద్ధతోను చెవియొగ్గుదురు.

గోలకొండలో ప్రధానవినోదము చప్పట్లు. ద్వారమునొద్ద చఱచిన చప్పుడు కొండపైనున్న బాలాహిస్సారున వినబడును. ఇది నిజమే, కావలివారి కుపయోగపడి యుండవచ్చును. కాని చప్పట్లు చఱచుచు తల యెత్తనివారు బాలాహిస్సారు ద్వారముపైనున్న సింహములను, యాళులను, నెమళ్లను జూడరు. మక్కా దర్వాజాపై 1559లో ఇబ్రహీము మంత్రి ముస్తఫాఖాను వేయించిన ప్రాకారశాసనమునొద్దకు పోవు సంఘములు మిక్కిలి యరుదు. వీని యన్నిటికంటె విలువైనది బాలాహిస్సారు ద్వారమునకు జేరువనున్న జామీమసీదు శాసనము. కుతుబ్షాహీ వంశకర్తయగు సుల్తానుకులీ 1512లో స్వతంత్రుడయ్యెనని కొన్ని పాఠ్యపుస్తకములును, 1518లో నయ్యెనని మఱికొన్నియు చెప్పును. మార్గదర్శి యిందులో నేదో యొకదానిని వల్లించును. మసీదు కట్టినది 1518లోనే, కట్టించినది సుల్తానుకులీయే. శాసనమున సార్వభౌముడుగా బేర్కొనబడినది మాత్రము బహమనీ సుల్తాను మహమూదుషా. ప్రభువు పేరును తన మసీదుపై చెక్కించినవాడు అప్పటికే స్వతంత్రత చాటినాడనుట కుదురదు. బాలురకు కంఠస్థము చేయించు నొక సంవత్సరము ఇచ్చటి యొక రాతియెదుట నిలువకున్నదని గ్రహించిన యుపాధ్యాయుడు ప్రయాణవ్యయమునకు తగిన ఫలమును బొందినవాడే.

కోటకు అనతిదూరముననే కుతుబ్షాహీల సమాధులు. తవెర్నియే వచ్చునాటికి ఇచ్చట తివాచీలు పఱచి, సాయంకాలమున బీదలకు రొట్టెయు పులావును పంచెడివారు. సమాధి నొక ప్రేతస్థలముగా గాక ధర్మసత్రముగా నడపిరన్నమాట. పిమ్మట పాడుపడి, 19వ శతాబ్దిలో సాలారుజంగు చేత బాగుపడి, మరల క్షీణించినవి. 2013లో ప్రభుత్వమును, ఆగాఖాను సాంస్కృతిక నిధియు జేరి ప్రారంభించిన జీర్ణోద్ధరణము 2024లో ముగిసినది. పూర్వపు మరమ్మతులలో మెత్తిన సిమెంటును తొలగించి సున్నపు గార మరల బెట్టిరి. ఏది పాతపని, ఏది క్రొత్తపని యని చెప్పుట నేటి మార్గదర్శి విధులలో జేరవలసియున్నది. క్రొత్త సున్నము పాతదానివలె మాసిన పిమ్మట నెవరును చెప్పలేరు.

సుల్తానుకులీ తన సమాధిని తానే కట్టించుకొని 1543లో హతుడై యందు జేరెను. ఆ హత్య చేయించెనని చెప్పబడు కుమారుడు జంషీదు సమాధి యెనిమిది కోణములు గలది. తక్కినవానివలె గాక దానిలో శాసనమే లేదు. 1580లో మరణించిన ఇబ్రహీము సమాధినొద్ద ఆంధ్రులు కొంతసేపు నిలువవలయును. అన్నకు వెఱచి యేడేండ్లు విజయనగరమున దలదాచుకొన్నవాడును, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును గృతినొందిన మల్కిభరాముడును ఇతడే. పొన్నికంటి తెలగనార్యుని యచ్చతెలుగు యయాతిచరిత్రమును గైకొన్న అమీనుఖాను ఇతని యధికారి. ఈ మాట యిచ్చటి ఫలకములపై లేదు, మార్గదర్శుల నోటను సామాన్యముగా రాదు, కృతిపీఠికలలో గలదు. కట్టడమునకు గ్రంథము సాక్ష్యమిచ్చు చోటు లీ యాత్రలో తక్కువ గనుక, పండితుడు సంఘమున నొకడున్న యెడల ఇచ్చట మార్గదర్శి పని యాతనిదే.

ఆ తోటలో మహమ్మదుకులీ, మహమ్మదు, అబ్దుల్లా సుల్తానుల సమాధులు వరుసగా గలవు. కడపటి రాజగు అబుల్హసను తానాషా సమాధి మాత్రము లేదు. 1687లో గోలకొండ పడిన పిమ్మట ఔరంగజేబు ఆతనిని దౌలతాబాదు కోటలో జెఱబెట్టెను. అచ్చటనే మరణించి, సమీపమునందలి ఖుల్దాబాదున పాతిపెట్టబడెను. గోలకొండతో ముగియు యాత్రాపట్టికలలో ఆ యూరి పేరు గానరాదు.