జుబారా: కోట చిన్నది, ఊరు పెద్దది

ఖతార్‌లో మనవాళ్లకు సెలవంటే కోర్నీష్, సూక్ వాకిఫ్, లేదంటే ఏదో ఒక మాల్. దోహాకు వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున అల్ జుబారా ఉంది. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఖతార్ నుంచి ఆ గుర్తింపు పొందిన మొదటి స్థలం ఇదే.

ఫొటోల్లో కనిపించే కోట నిజానికి అంత పాతది కాదు. 1938లో షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ అల్ థానీ కట్టించిన కాపలా ఠాణా అది. మూడు మూలల గుండ్రటి బురుజులు, నాలుగో మూల చతురస్రం. మీటరు మందం గోడలు కాబట్టి లోపల గదులు చల్లగా ఉంటాయి. గోల్కొండను మనసులో పెట్టుకుని వెళ్తే మాత్రం పావుగంటలో అయిపోయిందే అనిపిస్తుంది.

అసలు చూడాల్సింది సముద్రం వైపున్న పాత ఊరు. 18వ శతాబ్దంలో కువైట్ నుంచి వచ్చిన వర్తకులు ముత్యాల వ్యాపారంతో దీన్ని పెంచారు. మన హైదరాబాద్‌లో బస్రా ముత్యాలని పేరుపడ్డవి ఈ గల్ఫ్ నీళ్లలోవే. 1811లో దాడి జరిగి ఊరు తగలబడింది. తర్వాత కొంత కోలుకున్నా మునుపటి వైభవం రాలేదు, 20వ శతాబ్దం మొదట్లో పూర్తిగా ఖాళీ అయింది. ఊళ్లో మంచినీళ్లు లేవు. తూర్పున మురైర్ కోట దగ్గరి బావులే దిక్కు. అంత సంపద ఉన్నా బిందెడు నీళ్లకు ఊరు దాటాల్సిందే! తవ్వకాల్లో బయటపడ్డ 'మద్బసా' గదులు తప్పక చూడండి. నేల మీద వరుసగా కాలువలు, వాటిపై ఖర్జూరం బస్తాలు పేర్చేవారు. ఆ బరువుకే పాకం కారి కుండలోకి చేరేది.

ఊరిలో చాలా భాగం ఇంకా ఇసుక కిందే ఉంది. గోడలు మెత్తటి రాయి, మట్టివి. ఉప్పుగాలికే అరిగిపోతున్నాయి. పిల్లల్ని వాటి మీదకు ఎక్కనివ్వకండి. పెంకు ముక్క దొరికినా జేబులో వేసుకోవద్దు, అది ఎక్కడ పడి ఉందన్నదే తవ్వేవాళ్లకు ఆధారం.

నవంబరు నుంచి మార్చి వరకు బాగుంటుంది. నీడ ఉండదు, నీళ్లు, పులిహోర డబ్బా వెంట ఉంచుకోండి. కారులో పెట్రోలు నింపుకునే బయల్దేరండి.

ఓపిక ఉంటే ఈశాన్య తీరంలోని అల్ జసాసియాకు కూడా వెళ్లండి. అక్కడ బండల మీద సుమారు 900 చెక్కడాలున్నాయి. పడవల బొమ్మలతో పాటు రెండు వరుసల్లో ఏడేసి గుంటలు కూడా కనిపిస్తాయి. ఎందుకు చెక్కారో పండితులు ఇంకా తేల్చలేదు. ఆట కోసమని ఒక వాదన. వామనగుంటలు ఆడినవాళ్లెవరైనా ఆ వాదన వైపే మొగ్గుతారు, నేనూ అంతే.