గడప దగ్గర నేర్చుకునే చదువు

1928లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బి.ఏ. విద్యార్థులకు సోషియాలజీ పాఠం మొదలుపెట్టింది. మైసూరులోనూ అదే ఏడు మొదలైంది. అప్పటికి దేశంలో ఈ సబ్జెక్టు చెప్పే విశ్వవిద్యాలయాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. జర్మనీలో చదువుకున్న జాఫర్ హసన్ గారిని పాఠం చెప్పడానికి నియమించారు. ఇవాళ మనం ఆర్ట్స్ కాలేజీ అంటున్న రాతి భవనం అప్పటికి లేదు, అది 1939లో గానీ తెరుచుకోలేదు. బోధన అంతా ఉర్దూలో. కుటుంబం, కులం, ఊరు అనే మాటలకు ఐరోపా పుస్తకాలు ఇచ్చే అర్థాలను ఉర్దూలోకి తెచ్చి, ఇంట్లో తెలుగో మరాఠీయో కన్నడమో మాట్లాడుకునే పిల్లలకు చెప్పాలి. ఆ మొదటి పిల్లల ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు, ఇది చదివితే ఏమొస్తుంది అని.

2028కి ఆ పాఠానికి నూరేళ్ళు నిండుతాయి. ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది. ఎండాకాలం సెలవులు ముగుస్తున్నాయంటే చాలు, డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునే పిల్లలూ వాళ్ళ వెంట వచ్చిన తల్లిదండ్రులూ నన్ను అదే అడుగుతారు. డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు ఈ సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గరున్న జవాబు మన శాఖ చరిత్రలోంచి తీసుకున్నదే. ఇక్కడ సోషియాలజీ చదివి నిలదొక్కుకున్నవాళ్ళలో నేనెరిగిన ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి గడప దగ్గర కూర్చుని పని నేర్చుకున్నారు.

ఆ అలవాటుకు ఈ నేల మీద మూలం ఆదిలాబాద్ గోండుల ఊరు మార్లవాయిలో ఉంది. వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో చిక్కుబడ్డాడు. శత్రుదేశం పౌరుడు కాబట్టి నిజాం రాజ్యం దాటి వెళ్ళే వీలు లేదు. ఆ నిర్బంధ కాలంలోనే భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి నల్లమల చెంచుల దగ్గర, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉన్నాడు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం ప్రాణాలర్పించాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి, గోండి నేర్చుకుని, భూమి ఎట్లా చేజారిందో ఇంటింటా విని రాశాడు. 1943లో అక్కడే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. ఆయన ఉస్మానియాలో పాఠాలూ చెప్పాడు. మార్లవాయి వాసులు ఆ దంపతులను ఇప్పటికీ ఏటా జనవరిలో స్మరించుకుంటారు. వినడం కూడా ఒక పని అనీ, దాన్నుంచి భూమి పట్టాలూ బడులూ పుట్టగలవనీ మన విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ తర్వాత సామాజిక మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే. 1951-52లో ఆయన ఉస్మానియా నుంచి ఒక బృందాన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు వెళ్ళారు. సోషియాలజీ వాళ్ళు మాత్రమే వెళ్ళి ఉంటే ఆ పని వేరుగా ఉండేది. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం తెలిసినవాళ్ళు కూడా ఆ బృందంలో ఉన్నారు. పశువుకు జబ్బు చేస్తే చూసేవాడు ఉన్నాడు, మనిషికి జ్వరమొస్తే మందిచ్చేవాడు ఉన్నాడు. ఊరివాళ్ళ నుంచి సమాచారం తీసుకోవడమే కాకుండా చేతనైన సాయం చేస్తూ ఊళ్ళో ఉన్నారు. 1955లో వచ్చిన 'ఇండియన్ విలేజ్' ఆ ఊరి పుస్తకమే. స్వాతంత్ర్యం వచ్చాక ఒక భారతీయ గ్రామం గురించి పూర్తి పుస్తకంగా వచ్చిన తొలి అధ్యయనాల్లో అది ఒకటి. మన తెలుగు పల్లె, మన కులాలు, మన పండుగలు, మన ఇంటి గొడవలు ప్రపంచమంతటి తరగతి గదుల్లో పాఠమయ్యాయి.

ఇక నా సంగతి. ఉస్మానియాకు అనుబంధంగా ఉన్న ఒక జిల్లా కాలేజీలో బి.ఏ. చదివాను. రెండో ఏడు మా సారు నిజామాబాద్ వైపు ఒక ఊరికి సర్వేకు తీసుకెళ్ళారు. చేతిలో అచ్చు వేసిన ప్రశ్నల షెడ్యూల్ కాగితాలు. ఒక ఇంటి అరుగు మీద నడివయసు అమ్మ ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డ కప్పిన తునికాకు. కత్తెరతో ఆకు కోస్తూనే జవాబులు చెప్పింది.

"అమ్మా, ఇంట్ల పనిచేసేటోళ్ళు ఎంతమంది?"

"ఒక్కడే బిడ్డా. మా పెనిమిటి. దుబాయి పోయిండు."

"మరి నువ్వు?"

"నేనేం పని జేస్త? ఇంట్లనే ఉంట."

నేను కాగితం మీద ఆమె పేరుకు ఎదురుగా 'పని లేదు' అని రాసుకుని లేచాను. సాయంత్రం బడి వరండాలో సారు అందరి కాగితాలూ చూశారు. నాది చూసి ఒకే ఒక్క మాట అడిగారు: "ఆమె నీతో మాట్లాడేటప్పుడు చేతులు ఏం చేస్తున్నయిరా?" మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆ అరుగు దగ్గరికి వెళ్ళాను. రోజుకు ఎన్ని బీడీలు చుడుతుందో, కట్టకు ఎన్ని బీడీలో, ఖార్ఖానాలో ఎన్నింటిని ఛాట్ అని పక్కకు పారేస్తారో, పీఎఫ్ కార్డు ఎవరి పేరు మీద ఉందో, మగడు పంపే డబ్బు రాని నెలల్లో ఇల్లు దేనిమీద గడిచిందో రెండు గంటలు చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. పని అనే మాటకు ఆ ఇంట్లో ఉన్న అర్థం వేరు, నా కాగితంలో ఉన్న అర్థం వేరు. ఆ రెండింటి మధ్య దూరం కనిపెట్టడమే సోషియాలజీ అని ఆ రోజు నాకు అర్థమైంది. తర్వాత ఎం.ఏ.లో చదివిన సిద్ధాంతాలన్నీ ఆ అరుగు మీద ఆనించి పెట్టుకున్నవే.

ఈ నేర్పుకు కూలి ఉందా అంటే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ పని జరిగినంతగా దేశంలో చాలా చోట్ల జరగలేదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు తీసుకున్న ఆరు ఊళ్ళలో రెండు, ఔరేపల్లె, దోకూరు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి. ఇన్వెస్టిగేటర్లు ఊళ్ళోనే ఉండి, కొన్ని వారాలకోసారి అవే ఇళ్ళకు వెళ్ళి, ఎవరు ఏం పండించారు, ఎంతకు అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అని రాసుకున్నారు. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఎన్నుకుని, వాళ్ళు పెరిగి పెద్దయ్యేదాకా వెంట నడిచింది. బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్), రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుతో ముడిపడ్డ కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్, ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. వీటి అధ్యయనాలకు ఊళ్ళు తిరిగేవాళ్ళు కావాలి. బి.ఏ. అయిన పిల్లలకు తొలి అడుగు చాలాసార్లు ఇక్కడే పడుతుంది. మొదట ఇన్వెస్టిగేటర్, తర్వాత సూపర్‌వైజర్, ఎం.ఏ. అయ్యాక రీసెర్చ్ అసిస్టెంట్.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టువి. సర్వే అయిపోతే జీతం ఆగిపోతుంది. ఊళ్ళలో ఆడపిల్లలకు బస చూడటం సంస్థ బాధ్యత, ఆ సంగతి చేరకముందే అడిగి తేల్చుకోవాలి. ఎం.ఏ. అయిన కొత్తలో నేను పనిచేసిన ఒక సర్వే సంస్థలో చెట్టు కింద కూర్చుని కాగితాలు నింపేసే పద్ధతి ఉండేది. రోజుకు ఇన్ని ఇళ్ళు అని లెక్క పెట్టేవారు, వెళ్ళామో లేదో చూసేవారు కాదు. మూడు నెలలకు మానేశాను. అట్లా నింపిన ఒక్కో కాగితం వల్ల ఏదో ఊళ్ళో ఏదో ఇంటికి రావలసింది రాకుండా పోతుంది. ఇప్పుడు ట్యాబ్‌లు వచ్చి, ఎక్కడ నిలబడి నింపారో కూడా నమోదవుతోంది కాబట్టి దొంగతనం కొంత కష్టమైంది. నిజాయితీ అవసరం మాత్రం తగ్గలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో పుట్టిన మరో పని గురించి మన పిల్లలకు తక్కువ తెలుసు. ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్ ఇక్కడ 2006లో మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలీల హాజరు పట్టికలైన మస్టర్లు చేతబట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, నువ్వు ఇన్ని రోజులు పని చేశావని ఇందులో ఉంది, నిజమేనా, కూలి ముట్టిందా అని అడగాలి. తేలినదాన్ని గ్రామసభలో, ఆ తర్వాత మండలంలో ప్రజావేదికలో అందరి ముందూ చదవాలి. చనిపోయినవారి పేర్లు, ఊళ్ళో లేనివారి పేర్లు మస్టర్లలో దొరికిన సందర్భాలు ఎన్నో. సోషియాలజీ చదివినవాళ్ళకు ఇంతకన్నా తగిన పని అరుదు.

పైచదువుల మాట కొంచెం త్వరగా చెప్పేస్తాను, వివరాలు ఆయా నోటిఫికేషన్లలో దొరుకుతాయి. తెలంగాణలో ఎం.ఏ.కు సీపీగెట్ రాయాలి, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ శాఖ ఉంది, అక్కడికి సీయూఈటీ పరీక్ష దారి. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ టిస్‌కు హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. మనుషుల కష్టం చూసి ఊరుకోలేని స్వభావం ఉంటే సమాజ సేవ చదువైన ఎం.ఎస్.డబ్ల్యు. మేలు. నాలుగేళ్ళ డిగ్రీ చేసి 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఎం.ఏ. లేకుండానే అర్హత పరీక్ష నెట్ రాయవచ్చు, పిహెచ్.డి.కి పోవచ్చు. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాల్సి వస్తోంది. ఆ డబ్బు ఎవరికి చేరిందో చూసి రాసేవాళ్ళ అవసరం అక్కడా ఉంది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన అది దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం.

పోటీ పరీక్షల సంగతికి వస్తే, సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌కు రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. తెలంగాణ గ్రూప్-2లో సామాజిక నిర్మితి, సమస్యలు, విధానాలు అని ఒక విభాగమే ఉంది. ఏపీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లోనూ భారతీయ సమాజం చేరింది. పరీక్షలు రాయండి, తప్పకుండా రాయండి. అయితే డిగ్రీ మూడేళ్ళూ గైడు పుస్తకం తప్ప మరేమీ ముట్టని పిల్లలు, ర్యాంకు రాకపోతే చేతిలో ఏమీ లేకుండా మిగిలిపోవడం నేను కళ్ళారా చూశాను. సెలవుల్లో పదిళ్ళు తిరిగి రాసుకున్న నోట్సు ఉన్న పిల్లలకు ఆ దిగులు తక్కువ. పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు కూడా వాళ్ళ ఉదాహరణలు వేరుగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడు తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. ఊరు తిరిగి చేయాల్సిన ఆ పనిని జిరాక్సు షాపులో పూర్తి చేసే పిల్లలు ఉన్నారు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకేముంది?

భాష గురించి ఒక మాట. ఈ చదువు ఉర్దూలో మొదలై, ఇంగ్లీషులోకి మారి, 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక తెలుగు పుస్తకాల్లోకి వచ్చింది. తెలుగు మీడియం పిల్లలు దీన్ని లోటనుకుంటారు. ఇంగ్లీషులో రిపోర్టు రాయడం, ఎక్సెల్‌లో పట్టిక వేయడం, సగటూ శాతమూ తప్పు లేకుండా తీయడం నేర్చుకోక తప్పదు, అందులో నేను రాజీ పడను. అవి ఏడాదిలో వచ్చే విద్యలు. ఉట్నూరు నుంచి వచ్చిన గోండు అమ్మాయికి గోండి ఇంటి నుంచే వస్తుంది, దేవరకొండ తండా నుంచి వచ్చిన అబ్బాయికి లంబాడీ అంతే. ఢిల్లీ నుంచి వచ్చే పరిశోధకుడికి ఆ భాష కోసం దుబాసీ కావాలి. హైమన్‌డార్ఫ్ ఏళ్ళ తరబడి నేర్చుకున్నది మన పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్నారు. దాన్ని దాచుకోకండి, దరఖాస్తులో మొదటి వరుసలో రాయండి.

ఇప్పుడు ఈ పని మరింత పెరిగే కాలం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరిలో, తెలంగాణలో అదే ఏడు నవంబరులో ఇంటింటి కుల సర్వేలు మొదలయ్యాయి. 2027 జనగణనలో కులాన్నీ లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. అంకెలు కుప్పలుగా వస్తాయి. ఆ అంకెల వెనక ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో చదివి చెప్పగలవాళ్ళు కావాలి.

ఇది చదువుతున్న విద్యార్థులకు ఒక్క మనవి. లైబ్రరీలో దూబే పుస్తకం అడిగి తీసుకోండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఆయన చూసిన పల్లె పక్కగా ఇప్పుడు రాజీవ్ రహదారి వెళుతోంది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలున్నాయి. అప్పటి చాకలి, మంగలి, కుమ్మరి ఇళ్ళ మనవలు ఇప్పుడు ఏం చేస్తున్నారో మీ బ్యాచ్ వెళ్ళి అడిగి రాస్తే, ఈ పాఠం నూరేళ్ళ పండుగకు అంతకు మించిన కానుక ఉండదు. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేటకు సిటీ బస్సు ఉంది.