రాకర్: ఒక పొట్టి చెయ్యి, ఒక పొడుగు చెయ్యి

రాజయ్యపేట చేపల వేట మీద బతికే ఊరు. నక్కపల్లి దగ్గర హైవే దిగి సముద్రం వైపు పోతే వస్తుంది. ఇలాంటి ఊళ్లో బోటుకు బిగించే చిన్న డీజిల్ ఇంజన్ మూత విప్పినా, చేపల బాక్సులు మోసే ఆటో ఇంజన్ విప్పినా, ఎవరి పెరట్లోనో మూలపడ్డ అంబాసిడర్ బానెట్ ఎత్తినా కనబడేది ఒకే జాతి ముక్క, రాకర్ ఆర్మ్. చూపుకి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే ఇంజన్ దింపుకుని కూర్చున్నవాళ్లు పాత సామాన్ల కొట్లో దొరికిన రాకర్‌ని తెచ్చి బిగించేద్దామని చూస్తారు. ఎందుకు బిగించకూడదో దాని పుట్టుపూర్వోత్తరాల్లోనే ఉంది.

దాని పని చిన్నదే. క్యామ్‌షాఫ్ట్ ఇంజన్ అడుగున తిరుగుతుంది, వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి. క్యామ్ మిట్ట ట్యాపెట్‌ని లేపుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ని తోస్తుంది, పుష్‌రాడ్ రాకర్ ఒక చివరని పైకి నెడితే రెండో చివర వాల్వ్‌ని కిందికి నొక్కుతుంది. మన ఏతం లాంటిదే అనుకోండి, ఇరుసుకి రెండు పక్కలా చేతులు సమానం కావు. వాల్వ్ వైపు చెయ్యి పొడుగు. క్యామ్ 6 మిల్లీమీటర్లు లేపితే 1.42 నిష్పత్తి ఉన్న రాకర్ వాల్వ్‌ని ఎనిమిదిన్నర తెరుస్తుంది, 1.5 ఉన్నది తొమ్మిది తెరుస్తుంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో రాకర్ సెకనుకి 25 సార్లు తల ఊపుతుంది. ఆ ఎక్కువ తెరుచుకోవడం పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉన్న సందుని తగ్గిస్తుంది.

తొలి కార్లలో చాలావాటికి ఈ ముక్కే లేదు. వాల్వులు సిలిండర్ పక్కన, నేరుగా క్యామ్ పైన నిలబడేవి. అవి సైడ్ వాల్వ్ ఇంజన్లు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ ఇంజన్ ఆ రకమే. చవక, పాడవడానికి ముక్కలు తక్కువ. కానీ గాలికి వంకర దారి, మంట గదికి ఒక పక్కకి సాగిన మూల. ఆ మూలని కుదించి ఒత్తిడి పెంచుదామంటే గాలి దారి ఇరుకైపోతుంది. డెట్రాయిట్‌లో డేవిడ్ బ్యూక్ దగ్గర పనిచేసిన వాల్టర్ మార్, యూజీన్ రిచర్డ్ ఈ చిక్కు విప్పారు. వాల్వుల్ని హెడ్‌లోకి ఎక్కించారు. రిచర్డ్ 1902లో పెట్టుకున్న దరఖాస్తుకి 1904లో పేటెంట్ వచ్చింది, ఆ ఏడాదే బ్యూక్ మోడల్ బీ రోడ్డెక్కింది. వాల్వులు పైకి పోయాయి, క్యామ్ కిందే ఉండిపోయింది. ఆ ఎడం పూడ్చడానికే పుష్‌రాడ్, రాకర్.

అయినా సైడ్ వాల్వ్ అంత తేలిగ్గా పోలేదు. అప్పటి పెట్రోలు నాసిరకం, ఒత్తిడి పెంచితే ఇంజన్ నాకింగ్ కొట్టేది. 1920లలో సీసం కలిపిన పెట్రోలు వచ్చాక గానీ పై వాల్వుల అసలు లాభం తెలియలేదు. ఫోర్డ్ అయితే అమెరికా కార్లలో తన సైడ్ వాల్వ్ వీ8ని 1953 దాకా లాక్కొచ్చింది.

మన రోడ్ల మీద ఈ మార్పంతా ఒక్క అంబాసిడర్‌లోనే జరిగింది. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన తొలి అంబాసిడర్లలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. 1959లో దాన్ని తీసేసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బీ సిరీస్ ఇంజన్ పెట్టారు, 1489 సీసీ, ఎనిమిది రాకర్లు. మహీంద్రా సీజే3బీ జీపుది ఇంకో తమాషా. అందులోని హరికేన్ ఇంజన్‌లో గాలి పీల్చే వాల్వ్ పైన, పొగ వదిలే వాల్వ్ పక్కన. నాలుగు సిలిండర్లకీ కలిపి నాలుగే రాకర్లు! ఫియట్ 1100, దాని తర్వాత పద్మిని, పుష్‌రాడ్ బాపతే. 1983 చివర్లో వచ్చిన మారుతీ 800 క్యామ్‌షాఫ్ట్‌ని హెడ్ మీదికి తెచ్చింది. పుష్‌రాడ్లు పోయాయి, రాకర్లు మిగిలాయి.

గాజువాక ఆటోనగర్‌కో తునికో హెడ్ పట్టుకెళ్లేవాళ్లకి అక్కరకొచ్చేది బీ సిరీస్ కథే. దాని రాకర్ షాఫ్ట్ నాలుగు పెడెస్టల్స్ మీద కూర్చుంటుంది. వాటిని పట్టి ఉంచే ఎనిమిది నట్లలో నాలుగు హెడ్‌ని కూడా బిగించేవే. రాకర్లే కదా అని ఆ ఎనిమిదీ విప్పేసి మిగతా హెడ్ నట్లని ముట్టుకోకపోతే హెడ్ వంగి, నీళ్లు సిలిండర్లలోకి దిగొచ్చు. ముందు రేడియేటర్ నీళ్లు వదిలి, హెడ్ నట్లన్నీ వరసగా కొంచెం కొంచెం వదులు చేసుకోవాలి.

షాఫ్ట్ చేతికొచ్చాక దాని అడుగు పక్క గోరుతో గీరి చూడండి. భారమంతా అక్కడే పడుతుంది కాబట్టి రాకర్ కూర్చునే చోట్ల గాడులు తగులుతాయి. అరిగిన షాఫ్ట్ మీద కొత్త రాకర్ పెట్టినా, కొత్త షాఫ్ట్‌కి అరిగిన బుష్ తొడిగినా నూనె ఆ సందులోంచే కారిపోతుంది. వాల్వ్‌ని నొక్కే ముక్కు మరీ మోసకారి. అక్కడ వాల్వ్ కాడ మేర చిన్న గుంట పడుతుంది. ఫీలర్ గేజ్ ఆ గుంటలోకి దిగదు, దాని రెండు అంచుల మీద వంతెనలా పడుకుంటుంది. గేజ్ సరిగ్గానే చెప్తుంది, ట్యాపెట్లు మాత్రం కొడుతూనే ఉంటాయి. ఎంత తిప్పినా సౌండ్ పోవడం లేదని మెకానిక్‌ని తిట్టుకునే ముందు ఆ ముక్కు చూడాలి.

వేరే రాకర్ తెస్తే వెర్నియర్‌తో కొలవాల్సినవి ఇవి: షాఫ్ట్ రంధ్రం, ఇరుసు మధ్య నుంచి రెండు చివరల దూరాలు, పుష్‌రాడ్ కూర్చునే గుండు కొలత, చెయ్యి ఏ పక్కకి ఎంత ఒరిగిందీ. ఇవన్నీ కలిసినా పని అయిపోదు. హెడ్ ప్లేన్ చేయిస్తే వాల్వులు, పెడెస్టల్స్ కలిసే కిందికి దిగుతాయి, పుష్‌రాడ్ మాత్రం అదే పొడుగు ఉంటుంది. సీటు లోతుగా కోయిస్తే వాల్వ్ కాడ పైకి పొడుచుకొస్తుంది. రెండు విధాలా రాకర్ వాలు మారిపోతుంది. వాల్వ్ కాడ తలకి ఇంజనీరింగ్ బ్లూ రాసి ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పితే ముక్కు ఒరుసుకున్న గుర్తు పడుతుంది. అది నడిమధ్యలో, సన్నగా ఉండాలి. అంచుకి జరిగితే వాల్వ్ గైడ్ ఓవల్ అయిపోతుంది. పెడెస్టల్ కింద షిమ్ వెయ్యడమో, సరైన పొడుగు పుష్‌రాడ్ వెయ్యడమో చెయ్యాలి. క్లియరెన్స్ పెట్టడానికి ఈ ఇంజన్‌కి తొమ్మిది లెక్క ఉంది: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దాన్ని, 6వది తెరుచుకున్నప్పుడు 3వ దాన్ని సెట్ చెయ్యాలి. అంత ముద్దైన లెక్క నేను ఇంకే ఇంజన్‌లోనూ చూడలేదు.

ఒకే కంపెనీ, ఒకే ఇంజన్ కుటుంబం అయినా ధీమా పనికిరాదు. 1955లో షెవర్లే వీ8కి పాంటియాక్ ఇంజనీర్ క్లేటన్ లీచ్ ఆలోచనతో షాఫ్ట్ తీసేసి, రేకు వత్తి చేసిన రాకర్‌ని ఒక్కో స్టడ్ మీద గుండుతో నిలబెట్టారు. తేలిక, చవక. ఆ తర్వాత దశాబ్దాల్లో అదే కుటుంబంలో రెండు పద్ధతులు పుట్టాయి. కొన్ని హెడ్లలో పుష్‌రాడ్‌ని గైడ్ ప్లేట్ దారిలో పెడుతుంది, కొన్నిట్లో రాకర్ ముక్కుకే రెండు అంచులుండి వాల్వ్ కాడని పట్టుకుంటాయి. రెండూ ఒకే హెడ్‌లో కలిపితే చెరోవైపు లాగి వాల్వ్ కాడని నాశనం చేస్తాయి.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయేసరికే ట్యాక్సీ స్టాండుల్లో స్విఫ్ట్ డిజైర్ డీజిల్ వచ్చేసింది. అందులోని ఫియట్ 1.3 మల్టీజెట్‌లో రాకర్లు పదహారు. ఇరుసు నడుమ లేదు. ఒక చివర హైడ్రాలిక్ అడ్జస్టర్ మీద ఆనుతుంది, క్యామ్ మధ్యలో రోలర్ మీద నొక్కుతుంది. ఫీలర్ గేజ్‌తో పనే లేదు. టైమింగ్ చైన్ జారితే తరచు ముందు విరిగేవి ఈ రాకర్లే. విరిగినవి రెండే అయినా పదహారూ తీసి ప్రతి రోలర్ వేలితో తిప్పి చూడాలి, గరగరలాడితే పక్కన పడెయ్యాలి. కొత్తవి పాత దాన్ని చూపించి కాకుండా పార్ట్ నంబరు చెప్పి కొనాలి. విరిగిన వాటి ముక్కలన్నీ లెక్కకొచ్చాకే మూత బిగించాలి, ఒక్కటి దొరక్కపోయినా సంప్ విప్పక తప్పదు.