నకలు ఎవరి కూలి తింటుంది?

నకలు చేయడం దొంగతనమా కాదా అన్న పేచీ రాయలసీమలో క్యాసెట్ల కాలానికి ముందు వినిపించేది కాదు. అంతకు ముందు కొన్ని వందల ఏళ్లు ఇక్కడ నకలు పుణ్యకార్యం. తాటాకుల మీద గంటంతో ఒక కావ్యాన్ని ఎత్తి రాసుకున్నవాణ్ణి దొంగ అన్నవాళ్లు లేరు. పురుగు తినకుండా, చెద పట్టకుండా ఆ కావ్యం ఇంకో తరానికి అందిందంటే వాడి చలవే. సి.పి.బ్రౌన్ కడపలో బంగళా కొని, అందులో జీతాలిచ్చి పండితులను పెట్టుకుని చేయించిన పని కూడా ఇదే: దొరికిన ప్రతులన్నిటికీ నకళ్లు తీయించడం, పాఠాలు పోల్చి చూడటం. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాల వెనక ఉన్నది ఇలా ఎవరెవరో రాసుకుని దాచిన ప్రతులే. వేమనకు పైసా ముట్టలేదు, ముట్టాలని ఎవరికీ తోచనూ లేదు.

ఈ ఉదాహరణ చూపించి, సమాచారం అందరి సొత్తు, మన సంప్రదాయం ఎప్పుడూ అదే కదా అనేవాళ్లున్నారు. అందులో సగమే నిజం. పాత కవికి కూలి నకలుకు ముందే ముట్టేది. కృతిభర్త, అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు, అగ్రహారమో, ధనమో, కనీసం పూట గడిచే ఏర్పాటో చేసేవాడు. పోతనలా నరుడికి అంకితమివ్వనన్నవాడు ఆ కూలిని తెలిసే వదులుకున్నాడు. ఎలా చూసినా, పుస్తకానికి ఎన్ని నకళ్లు పుడితే కవికి, కృతిభర్తకు అంత కీర్తి. అచ్చుయంత్రం ఈ లెక్కను తిరగేసింది. 1847లో ఈస్టిండియా కంపెనీ పాలనలో మొదటి కాపీరైట్ చట్టం, 1914లో ఇంకొకటి, స్వతంత్రం వచ్చాక 1957 చట్టం వచ్చాయి. మూడింటి మూలసూత్రం ఒకటే: ఇక కూలి ఇచ్చేది కృతిభర్త కాదు, ఒక్కో ప్రతి కొనే పాఠకుడు. చేసే పని మారలేదు, డబ్బు వచ్చే దారి మారింది. కాబట్టి ఒక నకలు తప్పా ఒప్పా తేల్చాలంటే ముందు అడగాల్సింది, దాన్ని తయారుచేసినవాడికి కూలి ఏ దారిన వస్తోందని.

ఈ ప్రశ్నతో నందికొట్కూరు లాంటి ఊరిని చూడాలి. కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు మీది ఊరు, 2022 నుంచి నంద్యాల జిల్లాలోది. ఇలాంటి తాలూకా కేంద్రాలకు సినిమా వచ్చేది, ఎరువు వచ్చేది, విత్తనం వచ్చేది. రికార్డు కంపెనీల, సాఫ్ట్‌వేర్ కంపెనీల అసలు సరుకు మాత్రం నగరాల్లోనే ఆగిపోయేది. 1980లలో హెచ్.ఎం.వి. ఆధిపత్యాన్ని దెబ్బకొట్టిన టీ-సిరీస్ లాంటి చవక క్యాసెట్లకు చట్టంలోనే ఒక సందు దొరికింది. ఒకసారి రికార్డయి వచ్చిన పాటకు నోటీసూ రాయల్టీ ఇచ్చి, వేరే గొంతుతో అదే పాట పాడించి అమ్ముకోవచ్చని 1957 చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకుంది. ఇక చిన్న ఊళ్ల రికార్డింగ్ సెంటర్‌కు ఆ సందు కూడా అక్కర్లేదు. పాటల చీటీ రాసిచ్చి ఖాళీ క్యాసెట్ డబ్బులు కడితే సాయంత్రానికి పాటలు నిండి వచ్చేవి. తర్వాత సీడీలు, ఆ పైన సెల్ షాపు ముందు 'పాటలు ఎక్కించబడును' అన్న బోర్డులు. ఆటల సంగతీ అంతే. నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్ అనే వీడియో ఆటల పెట్టెను మన చిన్న ఊళ్ల పిల్లలు ఎరిగింది దాని నకలు పెట్టెల్లోనే. మారియో, కాంట్రా వాళ్లకు దొరికింది 9999 ఆటలని చాటుకునే క్యాసెట్లలో. విప్పితే పట్టుమని పది ఆటలే అటూ ఇటూ పేర్లు మార్చుకుని తిరిగేవి. నకలు సరుకులో కూడా కల్తీ అన్నమాట.

ఈ దశలో కంపెనీకి పోయిన కూలి ఎంత? దాదాపు ఏమీ లేదనే చెప్పాలి. అమ్మడానికి రాని వాడి దగ్గర కొనలేదని తప్పు పట్టలేం. చట్టం కూడా కొంతవరకు ఇలాగే ఆలోచించింది. 1994 సవరణతో చేరిన 63బి సెక్షన్ ప్రకారం, దొంగ ప్రతి అని తెలిసీ ఒక ప్రోగ్రాంను కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజుల జైలు. అయితే ఆ వాడకం వ్యాపార లాభం కోసం కాకపోతే జైలు లేకుండా 50 వేలకు మించని జరిమానాతో వదిలే వీలు కోర్టుకు ఇచ్చింది. ఆడుకునే కుర్రాణ్ణీ, అమ్ముకునే షాపునూ ఒకే గాటన కట్టలేదు. ధర అందుబాటులోకి వస్తే కొనేవాళ్లు పెరుగుతారని కంపెనీలకూ ఆలస్యంగా తట్టింది. ఆటలు అమ్మే స్టీమ్ సైటులో 2015 దాకా ధరలు రూపాయల్లో పెట్టలేదు మరి.

సినిమా నకళ్ల దగ్గరా ఇదే వాదం వినిపిస్తుంది. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే దాదాపు గంటన్నర సినిమా బయటికొచ్చింది. పెడనలో డిస్కులు అమ్ముడయ్యాయి, అయినా సినిమా ఘనవిజయం సాధించింది. 2025 నవంబరులో, సినిమాల దొంగ ప్రతులు పెట్టే ఐబొమ్మ సైటు నడిపాడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, టికెట్ల ధరలు చూపించి సోషల్ మీడియాలో చాలామంది ఆ సైటునే వెనకేసుకొచ్చారు. పెద్దవాళ్లకు ఏం నష్టం అనే వాదానికి ఇంతకంటే బలమైన సాక్ష్యాలు దొరకవు. దాన్ని ఖండించే ఉద్దేశం కూడా ఈ వ్యాసానికి లేదు. ఆ వాదం చూడని చోట ఏం జరిగిందన్నదే అసలు విషయం.

అదే చూడాలంటే డీటీపీ సెంటర్‌కు పోవాలి. పెళ్లిపత్రిక, కరపత్రం, బడి ప్రశ్నపత్రం, సంస్మరణ పోస్టరు, ఊరి అచ్చు అవసరాలన్నీ తీర్చింది అదే. కొనకుండా దొరికిన పేజ్‌మేకర్, కొనకుండా దొరికిన ఫోటోషాప్, వాటితోపాటు అదే డిస్కులో తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది, దాన్ని చేసిన అడోబీకి ఈ ఊళ్ల నుంచి రాని డబ్బుతో పోయిందేమీ లేదు, పైగా ఒక తరం చేతికి దాని అలవాటు దక్కింది. తెలుగు ఫాంటు గీసినవాడి లెక్క వేరు. అతనికి అమెరికా బజారు లేదు. గుణింతాలు, వత్తులు కలిపి వందల రూపాలు గీసి పొందికగా కూర్చిన పనికి కొనేవాళ్లంటూ ఉంటే ఈ డీటీపీ సెంటర్లు, ఈ ప్రెస్సులే. ఇక్కడ అమ్ముడుపోకపోతే ఇంకెక్కడా అమ్ముడుపోదు. డిస్కు మీద పెద్ద కంపెనీ, చిన్న గీతకాడు పక్కపక్కనే ఉన్నారు; నకలుకు వాళ్లిద్దరూ ఒకటే.

కొనలేనివాడు ఎలాగూ కొనడు, అప్పుడు నష్టమెక్కడ అని ఇక్కడా అడగొచ్చు. కొనలేనివాడికి ఉచితంగా వచ్చే దారులు అప్పటికే తెరుచుకున్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను యూనికోడ్‌లో చేసి ఊరికే ఇచ్చారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ లినక్స్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. ఇంకొన్ని తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చి ఇప్పుడు గూగుల్ ఫాంట్లలో ఉన్నాయి. ఒక రకంగా ఇది పాత కృతిభర్తల పద్ధతే: కూలి ముందే ఎవరో భరిస్తారు, నకలు ఎంత పెరిగితే అంత మేలు. కానీ దొంగ పేజ్‌మేకర్ ధర కూడా సున్నాయే అయినప్పుడు, కొత్తది నేర్చుకునే శ్రమ ఎవరు పడతారు? దొంగ ప్రతి పోటీపడింది ఖరీదైన అసలు ప్రతితో కాదు, ఉచితంగా ఇచ్చినదానితో. ఆ పోటీలో ఓడింది ఆ ఉచితంగా ఇచ్చినదే.

ఫలితం ఇప్పటికీ కళ్లముందే ఉంది. యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా చిన్న ఊళ్లలో టైపు చేసే తెలుగులో చాలా భాగం పాత ఫాంట్ల సొంత సంకేతాల్లోనే నిల్వవుతోంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి, వెతికితే ఇంటర్నెట్‌లో దొరకదు. తాటాకు నకళ్లను కడప పండితులు విప్పి చదివి పోల్చగలిగారు. ఈ ఫైళ్లను చదవాలంటే ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చే పరికరం కావాలి, మార్చాక తప్పులు దిద్దడానికి మళ్లీ ఒకరు కూర్చోవాలి.